వేడిని ఆపి తేమను నిలిపే ఇల్లు: మన ఎండల్లో ఆర్కిడ్లు, విదేశీ పామ్ మొక్కలు

చలిదేశాల వారు మొక్కలకు గాజు ఇళ్లు కట్టింది వెచ్చదనం కోసం. లండన్ శివారులోని క్యూ తోటలో 1844, 1848 సంవత్సరాల మధ్య నిర్మించిన పామ్ హౌస్‌కు నేలమాళిగలో బొగ్గు బాయిలర్లు అమర్చి, మంచు కురిసే రోజుల్లో కూడా ఉష్ణమండల తాళవృక్షాలను బతికించారు. మన అవసరం అందుకు తలకిందులు. మే నెల మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలు దాటే హైదరాబాదులోనో విజయవాడలోనో అటువంటి గాజు ఇల్లు కడితే అది మొక్కల పాలిట కొలిమి అవుతుంది. కాబట్టి ఆర్కిడ్ల కోసమూ, అడవి నీడల్లో పుట్టిన విదేశీ పామ్ మొక్కల కోసమూ మనం కట్టుకునే ఇల్లు ఎండను తగ్గించాలి, గాలిలో తేమను నిలపాలి, ఆ తేమగాలిని ఆగకుండా కదుపుతూ ఉండాలి. మొదటి రెండు పనులనూ అందరూ శ్రద్ధగానే చేస్తారు. మూడోది మరిచిపోవడం వల్లనే ఎక్కువ మొక్కలు చనిపోవడం నేను చూశాను.

ఈ సంగతి గ్రహించడానికి ఇంగ్లండు తోటమాలులకు కూడా చాలా కాలం పట్టింది. పంతొమ్మిదో శతాబ్దం తొలి దశాబ్దాలలో వారు ఆర్కిడ్లన్నీ ఆవిరి కమ్మిన అడవుల నుంచే వస్తాయని నమ్మి, కిటికీలు బిగించి, ఎడతెగని వేడిలోనూ ఉక్కలోనూ వాటిని ఉంచారు. ఎంతో ఖర్చుతో ఓడల మీద తెచ్చిన మొక్కలు కుళ్లిపోయాయి. చాట్స్‌వర్త్‌లో డ్యూక్ ఆఫ్ డెవన్‌షైర్ తోటల బాధ్యత చూసిన జోసెఫ్ ప్యాక్స్‌టన్ 1835లో తన దగ్గర పనిచేస్తున్న జాన్ గిబ్సన్‌ను ఇండియాకు పంపగా, గిబ్సన్ ఖాసీ కొండలలో ఆర్కిడ్లను సేకరించి 1837లో తిరిగి వెళ్లాడు. చల్లని గాలి వీచే కొండవాలుల నుంచి వచ్చిన మొక్కలవి. ప్యాక్స్‌టన్ గాజు ఇంటి వేడిని తగ్గించి, గాలి ఆడనిచ్చి, దారులను తడిపి తేమ పుట్టించే పద్ధతిని పాటించాడు. మనం ఈ రోజు ఎండను తగ్గించే వల, అంటే షేడ్‌నెట్ కింద చేయవలసినదీ దాదాపు అదే.

చోటు, కట్టడం

ఇంటి అవసరానికి పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు ఉన్న చోటు చాలు. ఉదయపు ఎండ పడుతూ, పడమటి ఎండను ఒక గోడో పెద్ద చెట్టో ఆపే స్థలం దొరికితే సగం పని అయినట్లే. జీఐ పైపులతో చట్రం నిలబెట్టేటప్పుడు ఎత్తు విషయంలో పొదుపు పాటించవద్దు; నడిమి ఎత్తు పన్నెండు అడుగులకు తగ్గితే వేడిగాలి మొక్కల తలల మీదనే నిలిచిపోతుంది. పైకప్పు శిఖరంలో గాలి బయటికి పోయే సందు తప్పక ఉంచాలి.

మట్టి నేల అన్నిటికన్నా మేలు. దాని మీద కంకర పరిచి రోజూ తడిపితే, ఆ తడి నెమ్మదిగా ఆవిరై పైకి లేస్తూ మొక్కలను తాకుతుంది. డాబా మీద కట్టుకునేవారు రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి, తడిసిన కంకర, నీటి తొట్లు, పెద్ద కుండీల బరువును స్లాబు మోయగలదా అని ఇంజినీరును అడగాలి. రెండు, పగలంతా కాగిన స్లాబు రాత్రి పొద్దుపోయే వరకు వేడిని వదులుతూనే ఉంటుంది కనుక దాని మీద గోనెసంచులో కొబ్బరిపీచు చాపలో పరిచి, సాయంత్రం తడపడం అలవాటు చేసుకోవాలి.

షేడ్‌నెట్ మీద మాత్రమే ఆధారపడాలా, పైన పాలిథీన్ కప్పు కూడా వేయాలా అన్న ప్రశ్న తరచుగా వస్తుంది. గోదావరి జిల్లాలు, ఉత్తరాంధ్ర తీరం వంటి చోట్ల జూలై నుంచి అక్టోబరు దాకా రోజుల తరబడి కురిసే వాన ఆర్కిడ్ మొవ్వలో నిలిచి కుళ్లు తెస్తుంది కాబట్టి, అక్కడ అతినీలలోహిత కిరణాలను తట్టుకునే 200 మైక్రాన్ల పాలిథీన్ కప్పు అవసరం. అయితే కప్పు పైభాగానికే పరిమితం కావాలి, పక్కలన్నీ నెట్‌తోనే ఉండాలి. షేడ్‌నెట్‌ను ఆ పాలిథీన్‌కు ఆనించకుండా, దానికి పైన కనీసం రెండు మూడు అడుగుల ఎడంతో కట్టాలి. అప్పుడు నెట్ పీల్చుకున్న వేడి పైనే గాలికి పోతుంది. వానలు తక్కువగా ఉండే రాయలసీమలో నెట్ ఒక్కటే సరిపోవచ్చు.

వెలుతురును కొలవడం

నడినెత్తిన సూర్యుడున్నప్పుడు ఆరుబయట వెలుతురు సుమారు లక్ష లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటుంది. ఆర్కిడ్లలో ఫలినాప్సిస్ జాతికి అందులో పది పదిహేను వేలు చాలు; కాట్లియాకు, డెండ్రోబియం సంకరాలకు ఇరవై నుంచి ముప్పై వేలు కావాలి; వాండాలు అంతకన్నా ఎక్కువ ఎండను ఓర్చుకుంటాయి. ఎండను 75 శాతం ఆపే నెట్ ఒక పొర వేస్తే కింద పాతికవేల లక్స్ మిగులుతుంది, అది డెండ్రోబియాలకు సరిపోతుంది. అదే నెట్ కింద ఒక మూలన 50 శాతం నెట్ రెండో పొరగా కడితే పన్నెండు వేల చిల్లర మిగిలి, ఫలినాప్సిస్‌కూ, నీడ కోరే పామ్ మొక్కలకూ గూడు సిద్ధమవుతుంది. చేతిలోని ఫోనులో లక్స్ కొలిచే యాప్‌తో ఉజ్జాయింపుగా తెలుసుకోవచ్చు. కానీ ఆకును మించిన కొలత లేదు. ఆర్కిడ్ ఆకు ముదురు ఆకుపచ్చగా, మెత్తగా, పొడుగ్గా సాగితే వెలుతురు చాలలేదన్నమాట. పసుపు పచ్చదనం కలిసిన లేత ఆకుపచ్చ ఆరోగ్యానికి గుర్తు. ఎర్రబారితే ఎండ హద్దుకు వచ్చింది, తెల్లని మచ్చ పడితే హద్దు దాటింది. ఆకును చేత్తో తాకి చూడండి. చుట్టూ ఉన్న గాలి కన్నా ఆకు స్పష్టంగా వేడిగా తగిలితే వెంటనే నీడ పెంచాలి లేదా ఫ్యాను వేయాలి.

చల్లదనం: దక్కన్‌లో ఒక లెక్క, తీరంలో మరో లెక్క

నీరు ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని తీసుకుంటుంది. తడి ప్యాడ్లు, ఎదురుగా ఫ్యాన్లు పెట్టే పద్ధతికి ఆధారం ఇదే. హైదరాబాదులో మే మధ్యాహ్నం 40 డిగ్రీల వేడి, గాలిలో తేమ 20 శాతం ఉన్నాయనుకుంటే, మంచి ప్యాడ్ గుండా వచ్చిన గాలి 26 డిగ్రీల దగ్గరికి దిగగలదు. అదే యంత్రాన్ని కాకినాడలో 35 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న రోజున నడిపితే, నాలుగు డిగ్రీలు తగ్గడం కూడా గొప్పే. పైగా తేమ మరింత పెరిగి బూజు తెగుళ్లకు తావిస్తుంది. అందుచేత దక్కన్ పీఠభూమి మీద ఉన్నవారు ప్యాడ్ల మీద, నీటిని పొగమంచులా చిమ్మే ఫాగర్ల మీద ఖర్చు పెట్టడం న్యాయమే గాని, తీరప్రాంతం వారు ఆ డబ్బును పెద్ద ఫ్యాన్ల మీద, ఎత్తయిన కప్పు మీద, రెండు పొరల నీడ మీద పెట్టడం మంచిది. నగరంలోని మిత్రులు వాడుతున్నారని చూసి కోస్తాలో ఫాగర్లు బిగించి, ఒక్క వానాకాలంలో మొక్కల మొవ్వలు పోగొట్టుకున్నవారు నాకు తెలుసు.

గాలిలో తేమ 60 నుంచి 80 శాతం మధ్య ఉండేలా చూసుకోవాలి. తేమను, వేడిని కలిపి చూపే చిన్న మీటరును మొక్కల ఎత్తులో, ఎండ తగలకుండా వేలాడదీయాలి. ఫలినాప్సిస్, కాట్లియా, వాండా వంటి ఆర్కిడ్లు ఆకు రంధ్రాలను పగలు మూసుకుని, రాత్రి తెరిచి బొగ్గుపులుసు వాయువును తీసుకుంటాయి. అందువల్ల రాత్రి చల్లగా, తేమగా ఉండడం వాటికి భోజనవేళ లాంటిది. సాయంత్రం నేలను, దారులను, బెంచీల కింద భాగాన్ని బాగా తడపాలి. ఆకుల మీద, మొవ్వలో మాత్రం పొద్దు వాలాక నీటిబొట్టు మిగలకూడదు. చిన్న ఫ్యాను ఒకటి రాత్రంతా నెమ్మదిగా తిరుగుతూ ఉంటే చాలు, తెగుళ్ల మందుల ఖర్చు చాలా తగ్గుతుంది. ఆకులు అల్లల్లాడేంత గాలి అక్కరలేదు, వేలాడే వేరు కొస మెల్లగా కదిలితే సరిపోతుంది.

ఆర్కిడ్ వేరును అర్థం చేసుకోవడం

మన నేలకు ఆర్కిడ్లు కొత్తవి కావు. పద్దెనిమిదో శతాబ్దం చివర సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్, కోరమాండల్ తీరపు మొక్కల మీద రాసిన గ్రంథంలో 1795లో వర్ణించిన వాండా టెసెల్లేటా ఇప్పటికీ మన మామిడి కొమ్మల మీద కనిపిస్తుంది. చెట్టు మీద చెట్టు కాబట్టి పల్లెల్లో దీనినీ బదనిక కిందనే జమకడతారు గాని, ఇది ఆతిథ్యం ఇచ్చిన చెట్టు రసాన్ని పీల్చదు. కొమ్మను ఆధారం కోసం మాత్రమే పట్టుకుంటుంది. దాని వేరును ఒక వాన రోజున గమనించండి. నీరు పడిన నిమిషాల్లో వెండిరంగు నుంచి ఆకుపచ్చకు మారి, వాన వెలిసిన కొన్ని గంటల్లో మళ్లీ ఆరిపోయి వెండిరంగుకు వస్తుంది. వేరు చుట్టూ ఉన్న స్పంజి వంటి పొర చేసే పని అది. ఆర్కిడ్‌కు నీరు పోయడంలో ఉన్న మర్మమంతా ఈ రంగుల మార్పులోనే ఉంది: త్వరగా తడవాలి, త్వరగా ఆరాలి.

అందుకే మట్టి పనికిరాదు. డెండ్రోబియం, కాట్లియాలకు రంధ్రాలున్న మట్టికుండీలో బొగ్గు ముక్కలు, పెంకు ముక్కలు, కొద్దిగా కొబ్బరి డొప్ప ముక్కలు కలిపి నింపితే చాలు. వాండాను ఏమీ నింపని చెక్కబుట్టలో కట్టి వేలాడదీయవచ్చు. ఫలినాప్సిస్‌కు కొంచెం తడి నిలిచే కొబ్బరి డొప్ప ముక్కలో, పైన్ బెరడో కావాలి. కొబ్బరి డొప్పలో ఉప్పు ఉంటుంది కనుక ముక్కలు కోసిన తరువాత వారం రోజులు నానబెట్టి, రోజు విడిచి రోజు నీళ్లు మార్చి, రంగు దిగడం తగ్గాక వాడాలి. నా తొలి విడత ఫలినాప్సిస్ మొక్కల వేరు కొసలన్నీ నల్లబడడానికి ఈ పని తొందరలో వదిలేయడమే కారణం. డొప్ప ముక్కలు రెండేళ్లలో చివికి మెత్తబడతాయి. అప్పుడు కొత్త వేళ్లు పుడుతున్న సమయం చూసి కుండీ మార్చాలి. పూత మీద ఉన్నప్పుడు మార్చకూడదు.

నీళ్ల విషయంలో వానాకాలపు నీటిని పట్టి దాచుకోవడాన్ని మించిన సలహా నా దగ్గర లేదు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చాలా బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరులో 200 లోపు చూపే నీరు మంచిది, 500 దాటితే దానిని నేరుగా పోయవద్దు; వాననీటితోనో ఆర్‌ఓ నీటితోనో కలిపి పలచన చేయాలి. నల్గొండ వైపు బోర్లలో కనిపించే ఫ్లోరైడ్ అరెకా, చామడోరియా వంటి పామ్‌ల ఆకు కొసలను ఎండబెడుతుంది కనుక అటువంటి నీరున్న వారికి వాననీటి తొట్టి తప్పనిసరి. పోసే వేళ ఉదయం. వేసవిలో బుట్టలోని వాండాకు రోజుకు రెండుసార్లు, బొగ్గులోని డెండ్రోబియానికి రోజూ, డొప్పలోని ఫలినాప్సిస్‌కు రెండు రోజులకొకసారి అని మొదలుపెట్టి, కుండీ బరువు, వేరు రంగు చూసి మార్చుకుంటూ పోవాలి. అనుమానం వచ్చినప్పుడు ఒక రోజు ఆగడమే క్షేమం; వాడిన ఆకును నీరు తేరుకునేలా చేస్తుంది గాని, కుళ్లిన వేరును ఏదీ బాగుచేయదు.

ఎరువు పలచగా, తరచుగా ఇవ్వాలి. నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండి నీటిలో కరిగే 19:19:19 ఎరువును లీటరుకు ఒక గ్రాము మించకుండా వారానికొకసారి, మొదట వేళ్లను మామూలు నీటితో తడిపిన తరువాతనే పిచికారీ చేయాలి. నాలుగో వారం ఎరువు మానేసి, కుండీ అడుగు నుంచి ధారగా కారేలా మంచినీరు పోస్తే పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది. కొత్త చిగురు లేని చలి రోజుల్లో ఎరువు సగానికి తగ్గించాలి.

పూత గురించి అడిగేవారికి ఒక మాట. పగలూ రాత్రీ 28 డిగ్రీలకు పైనే ఉంటే ఫలినాప్సిస్ ఆకులు వేస్తూ పోతుందే తప్ప పూల కాడ వేయదు. మనకు నవంబరు నుంచి జనవరి దాకా వచ్చే చల్లని రాత్రులే దానికి సంకేతం. ఆ నెలల్లో మొక్కను ఏసీ గదిలోకి తీసుకుపోనక్కరలేదు, షేడ్‌నెట్ కిందనే ఉంచి, వెలుతురు కాస్త పెంచితే చాలు. కాడ కనిపించాక కుండీని తిప్పకూడదు. తిప్పితే మొగ్గలు వెలుగు వైపు మెలిపడి వరుస చెడుతుంది. డెండ్రోబియంలో ఆకులు రాలిన పాత కాడలను పనికిరావని కోసేయడం చాలామంది చేసే తప్పు. నీరు, ఆహారం దాచుకున్న గాదెలవి; వాటి నుంచి మళ్లీ పూలు కూడా రావచ్చు. ముడుచుకుని గోధుమరంగులోకి ఎండిపోయిన తరువాతనే తీయాలి.

పామ్ మొక్కలు

తాటి, ఈత, కొబ్బరి, పోక, జీలుగు మధ్య పెరిగిన మనకు పామ్ అంటే ఎండకు ఎదురు నిలిచే చెట్టు అన్న భావన ఉంటుంది. షేడ్‌నెట్ కింద పెంచే రకాలు వేరు. అవి పెద్ద అడవుల అడుగున, గాలి తగలని నీడలో పుట్టినవి. వనువాటు ద్వీపాల లికువాలా గ్రాండిస్ విసనకర్ర లాంటి గుండ్రని మడతల ఆకును ఎండ మాడ్చేస్తుంది, పొడిగాలి చీల్చేస్తుంది; అదే ఆకు తేమగా ఉన్న నీడ మూలన నెలల తరబడి కొత్తదిగా నిలుస్తుంది. కష్టపడి పెంచడానికి తగిన మొక్క ఇదొక్కటే అని ఎవరైనా అంటే నేను కాదనను. కొత్తగా మొదలుపెట్టేవారు రాపిస్, చామడోరియాలతో ప్రారంభించడం మంచిది, అవి మన పొరపాట్లను ఓర్చుకుంటాయి.

లిప్‌స్టిక్ పామ్ అని నర్సరీలలో పిలిచే ఎర్రకాడల మొక్క మలయా, సుమత్రా, బోర్నియో ప్రాంతాల చిత్తడి నేలలది. దాని కుండీని ఎప్పుడూ రెండు మూడంగుళాల నీరున్న పళ్లెంలో ఉంచాలి. ఆర్కిడ్‌ను చంపే తడి దీనికి ప్రాణం. చలి మాత్రం సహించదు. హైదరాబాదులో డిసెంబరు రాత్రులు 12 డిగ్రీల దగ్గరికి దిగినప్పుడు దాని ఆకులు మచ్చలు పడి వాడతాయి. కనుక చలికాలంలో ఉత్తరం, పడమర పక్కలకు పాలిథీన్ పరదాలు కట్టి, సాయంత్రం దించి, ఉదయం ఎనిమిది తరువాత ఎత్తేయాలి. శిఖరం సందు చలిలోనూ మూయవద్దు. విశాఖ, కోనసీమ వైపు ఈ పరదాల అవసరం సాధారణంగా రాదు.

పామ్‌ల కుండీ వెడల్పు కన్నా లోతు ఎక్కువ ఉండాలి. ఎర్రమట్టి ఒక వంతు, ఇసుక ఒక వంతు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక వంతు, బాగా మాగిన పశువుల ఎరువు అర వంతు కలిపితే చాలా రకాలకు సరిపోతుంది. వేళ్లను విడదీయడం, కత్తిరించడం చేయకుండా వేరుముద్దతో సహా తొలకరి వేళ మార్చాలి. ముదురు ఆకుల మీద నారింజ చుక్కలు వస్తే పొటాష్ లోపం. ముదురు ఆకుల అంచుల వెంట వెడల్పుగా పసుపు పట్టీ వచ్చి నడుమ పచ్చగా మిగిలితే మెగ్నీషియం లోపం. కొత్త మొవ్వాకు ముడతలు పడి మాడినట్లు వస్తే మాంగనీసు లోపం. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి: చుక్కలు పడిన పాత ఆకును అందం కోసం కోసేయకండి. మొక్క ఆ ఆకులో మిగిలిన పొటాష్‌ను కొత్త ఆకులకు తరలించుకుంటూ ఉంటుంది. కోస్తే లోపం పై ఆకుకు పాకుతుంది. ఇక ఒంటికాండపు పామ్‌కు మొవ్వ ఒక్కటే. అది పోతే మొక్క పోయినట్లే.

పురుగులు, తెగుళ్లు

పిండినల్లి, పొలుసు పురుగులు ఆకు అడుగున, ఆకు తొడిమ సందుల్లో దాక్కుంటాయి. పది పదిహేను మొక్కలున్న ఇంట్లో స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవడమే మేలైన వైద్యం. ఎక్కువ ఉంటే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేసి, రాత్రి ఫ్యాను ఆపకుండా చూడాలి. 2016 నుంచి దక్షిణాది కొబ్బరితోటలను పీడిస్తున్న సర్పిలాకార తెల్లదోమ ఈ పామ్ మొక్కల మీదికీ వస్తుంది; ఆకు అడుగున తెల్లని వలయాలు కనిపించిన రోజునే నీటిధారతో కడగాలి. కొత్త వేరు కొసలను నత్తలు రాత్రుళ్లు కొరుకుతాయి కనుక వానాకాలంలో టార్చిలైటుతో ఒకసారి తిరిగి ఏరిపారేయాలి.

నీరుకారుతూ, దుర్వాసనతో వ్యాపించే మచ్చ కనిపిస్తే ఆ భాగాన్ని ఒక అంగుళం ఆరోగ్యకరమైన ఆకుతో సహా కోసి, కోతకు దాల్చినచెక్క పొడి అద్ది, నీరు ఆపాలి. ఆర్కిడ్లకు వచ్చే వైరస్‌కు మాత్రం మందు లేదు, అది ఒక మొక్క నుంచి మరొక మొక్కకు ముఖ్యంగా కత్తెర ద్వారానే పాకుతుంది. ప్రతి మొక్కకూ మధ్య కత్తెరను మంటలో కాల్చి చల్లార్చి వాడండి.

కొనుగోలు

కడియం నర్సరీలలో రకరకాల పామ్ మొక్కలు దొరుకుతాయి. అక్కడి గోదావరి గాలికి అలవాటు పడిన మొక్కను తెచ్చి వెంటనే హైదరాబాదు ఎండగాలిలో పెడితే ఆకులు మాడతాయి, కాబట్టి కొనుగోలును జూలై, ఆగస్టు నెలలకు వాయిదా వేసుకోవడం మంచిది. ఆర్కిడ్లలో టిష్యూకల్చర్ ద్వారా, అంటే ప్రయోగశాలలో మొక్క కణజాలం నుంచి పెంచిన మొక్కలనే కొనండి. ఈశాన్య రాష్ట్రాల అడవుల నుంచి పెరికి తెచ్చిన మొక్కలను బేరానికి పెట్టేవారు ఎదురైతే దూరంగా ఉండాలి. నీలి వాండా, ఎర్ర వాండా, లేడీస్ స్లిప్పర్ జాతులకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. పూలను చూసి కాక వేళ్లను చూసి ఎంచుకోవాలి. గట్టిగా, వెండిరంగులో, కొస పచ్చగా ఉన్న వేళ్లు నాలుగున్న మొక్క, పూలు లేకపోయినా, మెత్తబడ్డ వేళ్ల మీద విరగబూసిన మొక్క కన్నా విలువైనది. ఇంటికి తెచ్చాక మూడు వారాలు మిగతా మొక్కలకు దూరంగా, వేరే నీడలో ఉంచి, ఆకు అడుగుభాగాన్ని రెండు మూడు రోజులకొకసారి పరిశీలించి, పురుగు జాడ లేదని తేలిన తరువాతనే షేడ్‌నెట్ లోపలికి చేర్చండి.